బియ్యం గింజల సంచిలో వచ్చిన కాగితం

ఒరేయ్ బావా,

ముందే తిట్టకు. నీ ఉత్తరానికి జవాబు రాయలేదని నాకూ గుర్తుంది, రోజూ అనుకుంటూనే ఉన్నా. థీసిస్ మళ్ళీ వెనక్కొచ్చింది, తిరగరాస్తున్నా. చెల్లి నిశ్చితార్థం ఫోన్లోనే చూశా. అమ్మ మోకాళ్ళు కాస్త నయమట. నువ్వు కొత్త ఇంట్లోకి మారావని మీ అన్నయ్య చెప్పాడు, సంతోషం. ఇవన్నీ ఇంకోసారి తీరిగ్గా రాస్తా. ఇవాళ ఒక్క విషయం చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

రేపు శనివారం మధ్యాహ్నం మా క్యాంపస్ ఎదురుగా ఉన్న పార్కులో ఒక విద్వేష గుంపు సభ పెడుతోంది. అమెరికా తెల్లవాళ్ళదే, మిగతావాళ్ళంతా మూటాముల్లె సర్దుకోవాలి అనే బాపతు. వాళ్ళ పేరు రాయను. పేరు పలికితే ప్రచారం చేసినట్టే అని ఊళ్ళో అందరూ పలకడం మానేశారు, నాకూ అదే అలవాటైంది.

నాకీ సంగతి ఎలా తెలిసిందో విను. పోయిన వారం ఒకరోజు పొద్దున్నే బస్సు కోసం బయటికొస్తే మా వీధిలో ప్రతి ఇంటి ముందూ చిన్న జిప్‌లాక్ సంచి పడి ఉంది. లోపల మడతపెట్టిన కాగితం, గాలికి ఎగిరిపోకుండా బరువు కోసం గుప్పెడు బియ్యం. బియ్యం రా! తీసి చూస్తే యూదుల మీద గీసిన ఒక నీచమైన బొమ్మ, దాని కింద వలస వచ్చినవాళ్ళ గురించి రెండు లైన్లు, అడుగున శనివారం సభ వివరాలు. ఇక్కడ చాలా ఊళ్ళలో ఇలాగే పంచుతారట, కొన్నిచోట్ల బియ్యం, కొన్నిచోట్ల గులకరాళ్ళు. అర్ధరాత్రి కారులోంచి విసిరేసి పోతారు, ఎవడి మొహమూ ఎవరికీ కనపడదు. పక్కింటి పెద్దాయన పైజమా మీదే బయటికొచ్చి, పిల్లలు స్కూలు బస్సు ఎక్కేలోపు వీధి మొత్తం ఏరేస్తున్నాడు. నేనూ అటువైపు ఏరుకుంటూ వెళ్ళా. మాటల్లేవు. ఆయన రెండు సంచులు మాత్రం విడిగా పెట్టాడు, పోలీసులకి ఇవ్వడానికి. ప్లాస్టిక్ మీంచి ఆ గింజలు వేళ్ళకి తగులుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది బావా. రోజూ కుక్కర్లో పోసుకునే గింజలే కదా అవి.

నల్లకోటు వేసుకున్నావు కాబట్టి నీ మొదటి ప్రశ్న నాకు తెలుసు: పర్మిషన్ ఎవడిచ్చాడు? మన దగ్గరైతే కలెక్టరో కమిషనరో పాత 144 సెక్షన్, అదే ఇప్పటి 163, పెట్టేసి అందర్నీ పంపేసేవాళ్ళు, లేదంటే విద్వేషం రెచ్చగొట్టినందుకు పాత 153ఏ, ఇప్పటి 196 కింద కేసు. ఇక్కడ కుదరదు. యూనివర్సిటీ వాళ్ళని అడిగితే పార్కు మాది కాదు, సిటీది అన్నారు. సిటీ వాళ్ళని అడిగితే, కాదంటే కోర్టులో ఓడిపోతాం అన్నారు. 1969లో ఒహాయో కేసొకటి ఉంది, బ్రాండెన్‌బర్గ్ కేసు, నీకు తెలిసే ఉంటుంది. అందులో మాట్లాడినవాడు కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి విద్వేష గుంపు నాయకుడే. అక్కడికక్కడే హింసకి దింపాలనే ఉద్దేశం ఉండి, అలా జరిగే అవకాశమూ నిజంగా ఉంటే తప్ప మాటని శిక్షించకూడదని సుప్రీంకోర్టు తేల్చింది. పోనీ బందోబస్తు ఖర్చంతా వాళ్ళ నెత్తిన వేద్దామా అంటే 1992లో జార్జియాలోని ఫోర్సైత్ కౌంటీ కేసు అడ్డు. జనానికి ఎంత కోపం వస్తుందో లెక్కేసి ఫీజు పెంచకూడదు. సిటీ చేయగలిగిందల్లా టైము, చోటు నిర్ణయించడం, కంచె కట్టి రెండు పక్షాల్నీ దూరంగా ఉంచడం. కంచెలు నిన్ననే దింపారు. లెక్చర్ హాల్ కిటికీలోంచి కనపడుతున్నాయి. నువ్వుంటే ఈ వాదన తెల్లారేదాకా సాగేది, బల్ల కింద పంచాయితీలాగా. నువ్వు జడ్జివి, నేను ముద్దాయి తరఫు.

మా తెలుగు వాట్సాప్ గ్రూప్ గురించి చెప్పాలి. కాగితం ఫోటో పడగానే టెన్షన్ మొదలైంది. శనివారం బయటికి వెళ్ళొద్దు, సరుకులు ఇవాళే తెచ్చుకోండి, ఫోన్లో తెలుగు గట్టిగా మాట్లాడకండి. ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి మెయిలు కూడా వచ్చింది: శాంతియుతంగా నిరసనకి వెళ్ళడం మీ హక్కే, కానీ అరెస్టయితే వీసాకి ఇబ్బంది రావచ్చు, జాగ్రత్త. దాంతో ఇంకా బిగుసుకుపోయారు. ఒక సీనియర్ అన్నయ్య రాశాడు, "మనం చదువుకోవడానికి వచ్చాం, మనకెందుకు తమ్ముడూ" అని. ఆయన చెడ్డవాడు కాదు. నేను వచ్చిన కొత్తలో ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చి, గది దొరికేదాకా వాళ్ళింట్లోనే ఉంచుకున్నాడు. అందుకే ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చేసరికి నాకు బాధేసింది.

ఓలేథా గుర్తుందిగా నీకు? 2017 ఫిబ్రవరి, కాన్సస్. శ్రీనివాస్ కూచిభొట్ల. మన ఇళ్ళల్లో అందరూ రాత్రంతా టీవీల ముందు కూర్చున్నారు, మీ నాన్నగారు నన్ను పిలిచి అమెరికా ఆలోచన మానుకోమన్నారు కూడా. శ్రీనివాస్ ఏ ర్యాలీకి వెళ్ళాడు బావా? ఎవరితో గొడవ పడ్డాడు? ఆఫీసు అయ్యాక స్నేహితుడితో బార్‌లో కూర్చున్నాడు. అంతే. ఎవడో ఒకడు నా దేశంలోంచి పొండి అని అరిచి కాల్చి చంపేశాడు. పైగా ఇరానీయులనుకున్నాడట. మనం ఎవరమో, ఏ వీసా మీద వచ్చామో, మనకెందుకులే అని ఊరుకునే రకమో కాదో వాడికేం తెలుసు? 2012లో విస్కాన్సిన్ ఓక్ క్రీక్ గురుద్వారాలో కాల్పులకి ఆరుగురు చనిపోయినప్పుడూ అంతే, వాళ్ళు ఆదివారం ప్రార్థనకి వచ్చినవాళ్ళు. ఇంట్లో ఉంటే ఏమీ కాదనే మాట దగ్గరే నాకూ మావాళ్ళకీ తేడా వచ్చింది. ఇదంతా గ్రూప్‌లో రాశా. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఎవరో క్రికెట్ స్కోరు పెట్టారు.

సరే, సోమవారం సాయంత్రం చర్చి హాల్లో ఊళ్ళోవాళ్ళంతా మీటింగ్ పెట్టుకున్నారు. వెళ్ళా. నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఈ మీటింగ్ గురించే. కుర్చీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడ్డారు. పాస్టరు, మసీదు ఇమాము, సినగాగ్ అనే యూదుల ప్రార్థనామందిరం వాళ్ళు, ఫుట్‌బాల్ జట్టు కుర్రాళ్ళు, పార్కు ఎదురుగా ఉన్న కొట్లవాళ్ళు, అందరూ. మొదటి పది నిమిషాల్లోనే రెండుగా చీలిపోయారు. ఒక పక్షం, వాళ్ళకి ప్రేక్షకులు లేకుండా చేద్దాం, పార్కు ఖాళీగా వదిలేద్దాం, ఊరికి ఆ చివర మనం వేరే పెద్ద సభ పెట్టుకుందాం అంది. రెండోది, ఎదురుగా నిలబడి తీరాలంది. మొదటివాళ్ళు 2017 ఆగస్టు షార్లట్స్‌విల్ గుర్తుచేశారు. ముందురోజు రాత్రి వర్జీనియా యూనివర్సిటీలో ఇలాంటివాళ్ళే కాగడాలు పట్టుకుని నడిచారు చూడు, మర్నాడు నిరసనకారుల మీదికి ఒకడు కారు నడిపి ఒకమ్మాయిని చంపేశాడు, చాలామంది గాయపడ్డారు. రెండోవాళ్ళు దాని తర్వాతి వారం బోస్టన్ సంగతి చెప్పారు. అక్కడ వాళ్ళ తరఫున వచ్చింది కొద్దిమంది, ఎదురు నిలిచింది వేలకి వేలు, సభ మధ్యలోనే ముగించుకుని వెళ్ళిపోయారు. రెండూ నిజమే. నాకు ఏ పక్కకి చెయ్యెత్తాలో తెలియలేదు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. చిన్నప్పుడు స్కోకీలో ఉండేవారట. షికాగో పక్క ఊరు, కేసు నీకు తెలుసు, 1977. నాజీ కాన్సంట్రేషన్ క్యాంపుల్లోంచి బతికి బయటపడ్డవాళ్ళు వేలల్లో ఉండే ఊళ్ళో, ఇక్కడి నాజీ గుంపువాళ్ళు నాజీ యూనిఫాంలతో కవాతు చేస్తామన్నారు. వాళ్ళ హక్కు కోసం వాదించిన లాయరు కూడా యూదుడే. కోర్టులో గెలిచారు, చివరికి స్కోకీకి మాత్రం రాలేదు, 1978లో షికాగోలో సభ పెట్టుకుని ఊరుకున్నారు. ఇంతవరకూ మనం చదువుకున్నదే. ఆవిడ చెప్పింది వేరు. ఊరి పెద్దలు మొదట్లో తలుపులు వేసుకుని ఉండండి, పట్టించుకోకండి అన్నారట. ఒప్పుకోనిది ఆ క్యాంపుల్లోంచి వచ్చినవాళ్ళే. "మా నాన్న అప్పటిదాకా క్యాంపు గురించి ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. ఆ ఏడాదే మొదటిసారి నోరు తెరిచాడు" అంది. ఆ గొడవ తర్వాతే వాళ్ళంతా కలిసి ఒక సంస్థ పెట్టుకున్నారు, బడులకి వెళ్ళి పిల్లలకి చెప్పడం మొదలుపెట్టారు. 1990లో, స్కోకీ ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రంలో యూదుల మారణహోమం చరిత్రని బడుల్లో తప్పనిసరి పాఠం చేశారు, దేశంలో అదే మొదటి రాష్ట్రం. ఎవరో అడిగారు, మరి కోర్టు తీర్పు తప్పంటారా అని. ఆవిడ చాలాసేపు ఆగింది. "తప్పనను. కానీ మా నాన్న ఆ ఏడాదంతా నిద్రపోలేదు. చట్టం గురించి మాట్లాడేవాళ్ళు అది కూడా లెక్కలో వేసుకోవాలి" అని కూర్చుంది.

బావా, ఆ మాట నా బుర్రలోంచి పోవట్లేదు. నువ్వేమంటావు? మాట్లాడే హక్కు గొప్పదని నేనూ ఒప్పుకుంటా, రేపు నేను మాట్లాడాల్సి వస్తే అదే నన్ను కాపాడాలి. కానీ దాని ఖర్చు ఎప్పుడూ ఆ ముసలాయన లాంటివాళ్ళే ఎందుకు కట్టాలి... ఇది ఎటూ తేలట్లేదు నాకు. నువ్వు రాయి.

తర్వాత మా డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే జర్మన్ ఆయన ఒక ఉపాయం చెప్పాడు. వాళ్ళ దేశంలో వున్‌సీడెల్ అనే చిన్న ఊరికి నియో నాజీలు ఏటా వచ్చి కవాతు చేసేవాళ్ళు. 2014లో ఊరివాళ్ళు, కొట్లవాళ్ళు కలిసి, వాళ్ళు నడిచే ఒక్కో మీటరుకి 10 యూరోలు విరాళం ఇస్తామని ప్రకటించారు. ఆ గుంపుల్లోంచి బయటికి రావాలనుకునేవాళ్ళకి సాయం చేసే సంస్థకి! రోడ్డు మీద ఎంత దూరానికి ఎంత డబ్బో గీతలు గీసి రాశారు. కవాతు పూర్తయ్యేసరికి 10,000 యూరోలు. హాలంతా చప్పట్లు. ఇక్కడికొచ్చే గుంపు నడవదు, నిలబడి అరుస్తుంది కాబట్టి నిమిషానికి ఇంత అని పెట్టారు. డబ్బు ఈ ఊరికి కొత్తగా వచ్చిన శరణార్థి కుటుంబాలకి. నేనూ రాశా నా వంతు.

చప్పట్లు ఆగాక ఒక నల్లజాతి అమ్మాయి, ఇంకా డిగ్రీ రెండో ఏడే, మైకు తీసుకుంది. గొంతు వణుకుతోంది, అయినా ఆపలేదు. డబ్బు పోగెయ్యండి, మంచిదే. కానీ వాళ్ళు అరిచేది నా గురించి. నేను ఊరి ఆ చివర పాటలు పాడుకుంటూ ఉండలేను, నన్ను శాంతంగా ఉండమని మాత్రం చెప్పకండి, అంది. ఎవరి దగ్గరా జవాబు లేదు. చివరికి ఒక్కటే ప్లాన్ అంటూ ఏమీ తేలలేదు. సాయంత్రందాకా ఆ చివర మైదానంలో భోజనాలు, పిల్లల ఆటలు, పాటలు ఉంటాయి. నిలబడదలుచుకున్నవాళ్ళు కంచెకి ఇవతల నిలబడతారు, చుట్టూ పాస్టరూ ప్రొఫెసర్లూ చేతులు కలుపుకుని వరసగా ఉంటారు, గొడవ దాకా పోకుండా. కొందరు కోపంగానే వెళ్ళిపోయారు. పుచ్చకాయ మాస్టారు ఉండి ఉంటే ఏం చేసేవాడో అనుకున్నా. ఇద్దరికీ చెరో సున్నా వేసేవాడు, నీకూ నాకూ వేసినట్టు.

నేనేం చేస్తున్నానంటావా? తోడు నడిచే పని. హిజాబ్ వేసుకునేవాళ్ళు, తలపాగా కట్టుకునేవాళ్ళు, ఒంటరిగా వెళ్ళడానికి భయపడేవాళ్ళు ఎవరైనా ఫోన్ చేస్తే ఇద్దరిద్దరం వెళ్ళి బస్టాపు నుంచి హాస్టల్‌కి, లైబ్రరీ నుంచి ఇంటికి దింపాలి. పసుపు చొక్కా ఇచ్చారు. నాన్నకి చెప్పా. కొంతసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఫోన్ ఫుల్ చార్జింగ్ పెట్టుకో" అన్నాడు. అమ్మకి ఆయనే చెప్తాడట.

ఇంకోటి, ఇది చెప్పకుండా ఎలా ముగిస్తా! ఇవాళ సాయంత్రం ఆ సీనియర్ అన్నయ్య ఫోన్ చేశాడు. మళ్ళీ తిడతాడనుకున్నా. "దూరం వెళ్ళాల్సినవాళ్ళుంటే నా వ్యాన్‌లో ఏడుగురు పడతారు, రేపు పొద్దున్నుంచీ ఖాళీయే, నా నంబరు ఆ లిస్టులో పెట్టు" అన్నాడు. వదిన వెనకనుంచి ఏదో అంటోంది, ఇద్దరూ వాదించుకుంటున్నారు, ఫోన్ పెట్టేశాడు. నేను నంబరు పెట్టా. పెట్టాక గ్రూప్‌లో ఇంకో ఇద్దరు మెసేజ్ చేశారు, మేమూ డ్రైవ్ చేస్తామని. ఒకడు ఆ క్రికెట్ స్కోరు పెట్టినవాడే!

కింద హారన్ కొడుతున్నారు, బోర్డులకి రంగులెయ్యడానికి రమ్మన్నారు, చర్చి హాలు పదకొండింటికే మూసేస్తారట. నీ కేసు సంగతి నేను అడగనే లేదు, ఆ స్థలం తగాదా ఏమైంది? పాత సైకిల్ మీద ఒట్టు, రేపు రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోన్ చేస్తా, నీకప్పుడు ఆదివారం పొద్దున. లేచి ఉండు. స్కోకీ గురించి మాత్రం నీ జవాబు రాసే పంపు, ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు

మళ్ళీ కొట్టారు. వెళ్తున్నా.

నీ
పొడుగు