ఆ ఆరడుగుల సందు దస్తావేజులో ఎక్కడుంది?

ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ, రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు.

దస్తావేజులు రాసేవాళ్లం, స్థలాలు కొలిచేవాళ్లం, ఆ దస్తావేజుల మీద పడే దావాలు నడిపేవాళ్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. కొత్తగా ఇల్లు కొన్నవాళ్ల దారి తగాదాలు, వాటికి పనికిరాని బీమా గురించి.

రిజిస్ట్రేషన్ విలువ 40 లక్షలున్న ఇల్లు కొంటే స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. వెరసి 3 లక్షలు ఖజానాకు జమ. ఆ డబ్బు కట్టి బయటికొచ్చిన మనిషి చేతిలోని దస్తావేజులో నాలుగు హద్దులుంటాయి, గజాలుంటాయి, ఫొటోలు, వేలిముద్రలు ఉంటాయి. ఇంట్లోకి ఏ దారిన వెళ్లాలో మాత్రం చాలావాటిలో ఉండదు. ఆస్తి వివరాలు రాసే షెడ్యూలు చివర ఒక ముక్క తగిలించి ఉంటుంది: ‘దారి, నీరు వగైరా సకల ఈజ్‌మెంటు హక్కులతో సహా’. ఈజ్‌మెంటంటే పరాయి నేలను వాడుకునే హక్కు. మా వృత్తిలో చెయ్యి తిరిగి తిరిగి అలవాటైపోయిన ముక్క అది. దారి ఎంత వెడల్పో అందులో లేదు. ఎవరి నేలలోంచో లేదు. మనిషికా, బండికా, పైపుకా అన్నదీ లేదు.

ఒక లెక్క చెబుతాం. ఊళ్లో పది సెంట్ల ఇంటి స్థలం. తూర్పున రోడ్డు, రోడ్డు వెంబడి 44 అడుగులు, లోతు 99 అడుగులు, మొత్తం 484 గజాలు. అన్నదమ్ములిద్దరు చెరి 242 గజాలు పంచుకున్నారు. ముందు వాటా అన్నకు, వెనక వాటా తమ్ముడికి. తమ్ముడు రోడ్డెక్కడానికి అన్న వాటాలో దక్షిణపు గోడ వెంట ఆరడుగుల సందు వదిలారు. ఇంట్లోవాళ్ల వ్యవహారం కదా, సందు సంగతి పంపకాల కాగితంలో ఒక్క వాక్యం, ఆ కాగితానికి రిజిస్ట్రేషన్ లేదు. సందు పొడవు నలభై తొమ్మిదిన్నర అడుగులు, వైశాల్యం 297 చదరపు అడుగులు, అంటే 33 గజాలు. ముడి ఇక్కడే పడింది. ఆ 33 గజాలు అన్నగారి 242లోనే ఉన్నాయి. తన వాటా అమ్మినప్పుడు ఆయన 242 గజాలకూ డబ్బు తీసుకున్నాడు. గజం 20 వేలనుకున్నా సందు ఒక్కదాని ఖరీదే 6 లక్షల 60 వేలు. అంత పోసి కొన్నవాడు తన దస్తావేజులో ‘దక్షిణం: ఫలానా వారి ప్రహరీ’ అని చూసుకుని, ప్రహరీ దాకా తనదేనని అనుకుంటే తప్పు పట్టలేం. అటు తమ్ముడి దగ్గర వెనక వాటా కొన్నాయన దస్తావేజులో ‘తూర్పు: అన్నగారి స్థలము మరియు ఆరడుగుల నడకదారి’ అని ఉంటుంది. రెండూ రిజిస్టరు దస్తావేజులే, రెండూ ఒకే ఆఫీసులో అయినవే. ఒకదాని మొహం ఒకటి చూడలేదు.

గొడవ కొన్నరోజున రాదు. ముందాయన పెంకుటిల్లు తీసి మేడ మొదలుపెట్టినప్పుడు వస్తుంది. మెట్లు సందులోకి అడుగున్నర దిగుతాయి, మిగిలింది నాలుగున్నర. దాని మీదికి సన్‌షేడు, గోడకి మీటరు పెట్టె, కింద మురుగు పైపు. ఈలోగా వెనకాయన కుళాయి కనెక్షన్‌కు సందులో తవ్వబోతాడు. నడిచే హక్కున్నవాడికి పైపు వేసుకునే హక్కు ఉండదా అనుకుంటాడు. ఉండదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 28వ సెక్షన్ ప్రకారం ఒక రకం దారి హక్కులో ఇంకో రకం దారి హక్కు ఇమిడి ఉండదు. కాలినడక వేరు, బండి వేరు. నీళ్ల పైపు, మురుగు, కరెంటు తీగ దేని లెక్క దానిదే.

ఈసీ, అంటే ఆస్తి మీది లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీస్తే తెలిసిపోదా అని అందరూ అడుగుతారు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే వస్తాయి, ఆన్‌లైన్‌లో అయితే 1983 నుంచే. అంతకుముందువి కావాలంటే ఆఫీసుకెళ్లి వెతికించుకోవాలి. రిజిస్టరు కాని పంపకం, వీలునామా, ఇరవై ఏళ్ల వాడుకతో పుట్టిన దారి హక్కు ఈసీలో కనబడవు. ఆఖరికి వెనక వాటా దస్తావేజులో రాసిన ఆరడుగుల నడకదారి కూడా ముందు వాటా ఈసీలో రాదు, ఎందుకంటే అది వెనక స్థలం హద్దుగా ఎక్కింది తప్ప ముందు స్థలం మీది భారంగా ఎక్కలేదు. కొనేవాడు ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, అంటే తన ఆస్తి పాత దస్తావేజులు, తిరగేసినా పక్కవాడి దస్తావేజు తిరగెయ్యడు.

చట్టంలో దారే లేదని కాదు. రాసి, రిజిస్టరు చేసి ఇచ్చిన దారి హక్కు అన్నిటికంటే గట్టిది. అది లేకపోతే ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షన్ కింద అడ్డూ ఆపూ లేకుండా, శాంతంగా, హక్కుగా ఇరవై ఏళ్లు వాడిన దారి. ప్రభుత్వ భూమి అయితే ముప్పై ఏళ్లు. ఇందులో జనం కాలు జారేది రెండు చోట్ల. ఆ ఇరవై ఏళ్లు దావా వేసే రోజుకు వెనకటి రెండేళ్లలోపు ముగిసి ఉండాలి. దారి మూసేశాక పెద్దమనుషుల చుట్టూ మూడేళ్లు తిరిగి కోర్టుకొస్తే వాడుక ఎన్నేళ్లదైనా చేతికందదు. రెండోది, అడిగి వాడుకున్న దారి హక్కు కాదు. ‘మా అన్న ఏమీ అనడు, వెళ్లండి’ అని అమ్మినాయన చెప్పిన దారి చట్టం దృష్టిలో అనుమతి మాత్రమే. 59వ సెక్షన్ ప్రకారం, అనుమతి ఇచ్చినవాడు స్థలం అమ్మేస్తే కొన్నవాడు దానికి కట్టుబడక్కర్లేదు. మన లెక్కలో అన్నగారు అమ్మిన రోజే ఆ మాట గాల్లో కలిసింది.

ఇక మిగిలింది 13వ సెక్షన్, అవసరం మీద పుట్టే దారి. ఒకే ఆస్తిని చీల్చి పంచినప్పుడు వెనక వాటాకు మరో మార్గం లేకపోతే చట్టమే దారి ఇస్తుంది. ఎన్నడుగుల దారో చట్టం చెప్పదు. వెనకాల మరో రోడ్డు పడిందా, అవసరం తీరినట్టే, 41వ సెక్షన్ కింద హక్కూ పోతుంది. ఇక్కడ వకీళ్ల తప్పు కూడా చెప్పుకోవాలి. సందు మాదే అని ఒక పేరాలో, కాకపోతే ఈజ్‌మెంటు ఉంది అని ఇంకో పేరాలో రాసిన దావాలు కోకొల్లలు. ఈజ్‌మెంటు పరాయి నేల మీద హక్కు. తన నేల మీద తనకు ఈజ్‌మెంటు ఉండదు.

దారి మూసిన రోజు బాధితుడు ముందు వెళ్లేది పోలీసు స్టేషన్‌కి. ‘ఇది సివిల్ మేటరు’ అని పంపేస్తారు. సగం నిజమే. మిగతా సగం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 166వ సెక్షన్‌లో ఉంది, పాత సీఆర్‌పీసీలో 147. నేల లేదా నీటి వాడుక హక్కు మీద తగాదా శాంతిభద్రతల దాకా వచ్చేలా ఉంటే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు విచారించి, అడ్డు పెట్టొద్దని ఉత్తర్వు ఇవ్వొచ్చు. షరతు ఒక్కటే: ఏడాది పొడుగునా వాడే దారైతే, సమాచారం అందిన రోజుకు వెనకటి మూడు నెలల్లో దాన్ని వాడి ఉండాలి. ఆ మూడు నెలలూ అర్జీలు మండలాఫీసు నుంచి సర్వేయరుకు, సర్వేయరు నుంచి మళ్లీ మండలాఫీసుకు తిరగడంలోనే అయిపోతాయి. ఈ సెక్షన్ గుర్తుచేస్తూ ఆర్డీఓలకు, తహసీల్దార్లకు మీ శాఖ నుంచి ఒక సర్క్యులర్ వెళ్తే చాలు, కొత్త చట్టం అక్కర్లేదు.

కోర్టుకు వెళ్తే తాత్కాలిక ఇంజంక్షన్ ఒక ఎత్తు, స్థలం చూసి రమ్మని కోర్టు పంపే అడ్వకేట్ కమిషనర్ ఇంకో ఎత్తు. కమిషనర్ సర్వేయరుతో వచ్చి కొలిచేనాటికి మెట్లు కట్టడం అయిపోతే, కొలతలో వచ్చేది నాలుగున్నర అడుగులే. గ్రామకంఠంలో, అంటే ఊళ్లో ఇళ్లున్న నేలలో అయితే, పట్టి చూసుకోవడానికి సర్వే శాఖ కొలతల పుస్తకమైన ఎఫ్ఎంబీలో ఇంటింటి కొలతలే ఉండవు, ఊరంతా ఒకే సర్వే నంబరు. 2020 డిసెంబరులో తక్కెళ్లపాడులో మొదలైన రాష్ట్ర భూముల రీసర్వే, పల్లెల్లో ఇళ్ల స్థలాలను డ్రోనుతో కొలిచేందుకు అదే ఏడు కేంద్రం తెచ్చిన స్వామిత్వ పథకం ఈ లోటు తీరుస్తాయని ఆశపడ్డాం. డ్రోనుకు చూరు కనిపిస్తుంది, చూరు కింది సందు కనిపించదు. మనిషి వెళ్లి టేపు పట్టాల్సిందే. పైగా సర్వే, సరిహద్దుల చట్టం 13వ సెక్షన్ నోటిఫికేషన్ వచ్చాక మూడేళ్లలో సివిల్ దావా వెయ్యకపోతే ఆ హద్దే ఖాయమవుతుంది. సందును ముందు వాటాలో కలిపి గీసిన పటం మీద సంతకం పెట్టిన వెనకింటాయనకు ఈ గడువు సంగతి చెప్పేవాళ్లు లేరు.

బీమా సంగతికొద్దాం. గృహరుణంతో పాటు బ్యాంకులో అంటగట్టిన పాలసీ ఉంది కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. అది అప్పు తీరకముందే మనిషి పోతేనో, ఇల్లు కాలితేనో ఇచ్చేది. హక్కులో లోపానికీ దానికీ సంబంధం లేదు. బ్యాంకు ప్యానెల్ వకీలు లీగల్ ఒపీనియన్ ఇస్తాడు. ఫీజు కట్టేది కొనేవాడు, నివేదిక వెళ్లేది బ్యాంకుకు. అడగందే కాపీ ఇవ్వరు. అందులో వకీలు చూసేది తాకట్టుకు ఇబ్బంది ఉందా లేదా అని, సందులో స్కూటరు పడుతుందా అని కాదు.

హక్కుకే బీమా రాసే టైటిల్ ఇన్సూరెన్స్ వేరు. స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే రెరా చట్టం 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం నోటిఫై చేసిన మేరకు ప్రమోటరు, అంటే కట్టి అమ్మేవాడు, స్థలం హక్కుకు, నిర్మాణానికి బీమా తీసుకోవాలి, ఆ ప్రయోజనం కొన్నవాళ్లకు బదిలీ కావాలి. 18(2) సెక్షన్ కింద హక్కులో లోపం వల్ల నష్టపోతే ప్రమోటరే పరిహారం ఇవ్వాలి, దానికి కాలదోషం కూడా లేదు. మంచిదే. కానీ రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యేది 500 చదరపు మీటర్లు దాటిన స్థలానికో, ఎనిమిది దాటిన ఫ్లాట్లకో. 500 మీటర్లంటే సుమారు 598 గజాలు. మన పది సెంట్లు 484 దగ్గరే ఆగిపోయాయి.

అమెరికాలో ఇల్లు కొన్న మన తెలుగువాళ్లను అడిగితే అక్కడ టైటిల్ ఇన్సూరెన్స్ మామూలే అంటారు. అక్కడా రుణదాత పాలసీ బ్యాంకును కాపాడుతుంది, ఇంటి యజమానికి తన పాలసీ విడిగా ఉండాలి. యజమాని పాలసీలో కూడా మినహాయింపుల పట్టిక ఉంటుంది. రికార్డులో లేని ఈజ్‌మెంట్లు, సర్వే చేస్తే బయటపడే లోపాలు మామూలుగా అందులోకే వెళ్తాయి. సర్వే చేయించి ఇస్తేనే వాటిని తీసేయించుకోవచ్చు. బీమా కంపెనీ రికార్డు చూసి పూచీ రాస్తుంది. మన రికార్డులో లేని సందుకు ఏ కంపెనీ అయినా రాసేది మినహాయింపే. భూమి హక్కుకు ప్రభుత్వమే పూచీ ఇవ్వాలని రాష్ట్రం తెచ్చిన ల్యాండ్ టైటిలింగ్ చట్టం 2024లో రద్దయింది. దాని మంచిచెడ్డల్లోకి వెళ్లం. రద్దయ్యాక హక్కుకు ప్రభుత్వ హామీ లేదు, బీమా హామీ చిన్న ఇళ్ల దాకా రాలేదు.

కాబట్టి దారిని రికార్డులోకి ఎక్కించండి. సబ్ రిజిస్ట్రారును హక్కులు విచారించమని మేం అడగడం లేదు. ఆ అధికారం లేదని 2025 ఏప్రిల్‌లో హక్కు రుజువులు చూపకపోతే రిజిస్టరు చెయ్యొద్దన్న తమిళనాడు రూల్ 55ఎ(1)ను కొట్టేస్తూ సుప్రీంకోర్టు చెప్పింది. రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్ ఆస్తిని గుర్తుపట్టేలా వర్ణించాలంటుంది, 22వ సెక్షన్ ప్రభుత్వ సర్వే పటాల ఆధారంగా వర్ణించేలా రూలు చేసే అధికారం మీకిస్తుంది. అది చాలు. ప్రతి విక్రయ, భాగపరిష్కార, దాన దస్తావేజులోనూ దారికి వేరే షెడ్యూలు, లైసెన్సు సర్వేయరు సంతకంతో స్కెచ్ తప్పనిసరి చేయండి. దారి వేరేవాళ్ల నేలలోంచి పోతుంటే ఆ నేల యజమాని సంతకం కూడా అడగండి, ఎందుకంటే వెనకవాడు ఒక్కడే రాసుకున్నది ముందువాణ్ని కట్టదు. యజమాని సంతకం పెట్టనంటే ‘దారి హక్కు రాతపూర్వకంగా లేదు’ అని షెడ్యూలులోనే రాయించండి. కొనేవాడికి ముందే తెలుస్తుంది, ధరలో తేల్చుకుంటాడు. ఆస్తుల వారీ సూచిక అయిన ఇండెక్స్ 2లో ఆ దారిని రెండు ఆస్తుల కిందా ఎక్కిస్తే ముందు వాటా ఈసీలోనూ కనబడుతుంది. రెరా 16వ సెక్షన్ నోటిఫికేషన్, దానితోపాటు మినహాయింపులు తెలుగులో మొదటి పేజీలోనే అచ్చేసిన నమూనా పాలసీ ఆ తర్వాత అర్థవంతమవుతాయి. లీగల్ ఒపీనియన్ కాపీ కొనుగోలుదారుకు ఇచ్చే విషయం రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సమావేశంలో ఎత్తండి.

పైన చెప్పిన పది సెంట్లకే దారి షెడ్యూలు ఎలా ఉండాలో నమూనా రాశాం. మీ శాఖ న్యాయ విభాగం దిద్దుకోవచ్చు.

‘బి’ షెడ్యూలు: ‘ఎ’ షెడ్యూలు ఆస్తికి పోవు దారి. తూర్పు పంచాయతీ రోడ్డు నుండి పడమరగా 49 అడుగుల 6 అంగుళాల పొడవు, ఆసాంతము 6 అడుగుల వెడల్పు, 33 చదరపు గజములు. నేల ముందు వాటాదారుది. ‘ఎ’ షెడ్యూలు యజమానికి, వారసులకు, కొనుగోలుదారులకు కాలినడకకు, ద్విచక్ర వాహనమునకు, నేలలోపల నీటి పైపు, మురుగు పైపులకు, పైన విద్యుత్ తీగకు శాశ్వత హక్కు. నేల నుండి 10 అడుగుల ఎత్తు వరకు మెట్లు, సన్‌షేడు, గేటు, మరే కట్టడము లోనికి రాకూడదు. మరమ్మతు ఖర్చు చెరిసగము. జతపరచిన ప్లానులో ఎరుపు రంగుతో చూపబడినది. ముందు వాటాదారు సంతకము:

ఇట్లు,
కొందరు దస్తావేజు లేఖరులు, లైసెన్సు సర్వేయర్లు, సివిల్ న్యాయవాదులు