సల్ల మానేస్తే బిళ్ళ తప్పదు

సంపాదకుల వారికి,

అయ్యా,

పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, మాంసం, చివరకు తేనె కూడా ముట్టని వీగన్ ఆహారాన్ని గురించి ఈ మధ్య ఆరోగ్య పేజీలలో తరచుగా వ్యాసాలు వస్తున్నాయి. వాటిని చదివినప్పుడల్లా నాకు ఒకటే అసంతృప్తి మిగులుతోంది. వ్యాసమంతా ప్రోటీన్ చుట్టూ తిరుగుతుంది. క్వినోవా, టోఫు, బాదం పాలు అంటూ, మా హనుమకొండ కిరాణా కొట్టులో అడిగితే కొట్టాయన మన మొహం వింతగా చూసే పేర్లు వరుసగా వస్తాయి. బీ12 విటమిన్ మాత్రం చివరి పేరాలో ఒక ముక్కతో సరిపోతుంది. జూనియర్ కళాశాలలో ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పినవాడిగా, మూడేళ్ళకు పైగా ఒక వీగన్‌కు తండ్రిగా ఉన్నవాడిగా, ఈ వరుస తలకిందులుగా ఉందని చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను.

నేను వీగన్‌ను కానని ముందే చెప్పుకోవాలి. తెలంగాణలో పదిహేనేళ్ళు దాటినవారిలో 98 శాతానికి పైగా మాంసాహారులేనని కేంద్ర ప్రభుత్వం వారి 2014 నాటి ఎస్.ఆర్.ఎస్. (నమూనా నమోదు) సర్వే తేల్చింది. ఆదివారం యాటకూర లేనిదే అన్నం సహించని నేను కూడా ఆ లెక్కలోని వాణ్ణే. మా చిన్నబ్బాయి మాత్రం హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన ఏడాదే జంతువుల నుంచి వచ్చేది ఏదీ తిననని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ నిర్ణయం మీద ఇంట్లో జరిగిన వాదోపవాదాలు ఇక్కడ అప్రస్తుతం. వాడు మొండివాడు, వాళ్ళమ్మ అంతకంటే మొండిది, చివరికి ఇద్దరూ రాజీకి వచ్చారు.

మూడో ఏట బతుకమ్మ పండుగకు వాడు ఇంటికి వచ్చినప్పుడు జరిగిన చిన్న సంగతి నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. భుజాన సంచితో మెట్లెక్కి వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. ఒక కాలికే చెప్పు ఉంది. "ఏందిరా బిడ్డా, ఒక్క చెప్పుతోని వచ్చినవ్?" అని వాళ్ళమ్మ నవ్వింది. వాడు కిందికి చూసుకొని బిత్తరపోయాడు. రెండో చెప్పు నాలుగు మెట్ల కింద పడి ఉంది. అది కాలి నుంచి జారిన సంగతి గాని, తాను ఉత్తకాలితో చల్లటి బండల మీద నడిచిన సంగతి గాని వాడికి తెలియనే లేదు. ఆరా తీస్తే, అరికాళ్ళలో తిమ్మిర్లు అయిదు నెలలుగా ఉన్నాయని, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపిస్తే కూర్చుని చేసే ఉద్యోగం వల్ల నడుము దగ్గర నరం నొక్కుకుపోయిందని చెప్పి బిళ్ళలు ఇచ్చారని బయటపడింది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 13.8 ఉంది కాబట్టి రక్తహీనత మాట ఎవరికీ తోచలేదు. నువ్వు ఏం తింటావు అని అక్కడ ఒక్కరూ అడగలేదట. ఆ ప్రశ్న అడిగిన రెండో వైద్యుడు అదే రోజు బీ12 పరీక్ష రాశారు. 200 పైన ఉండవలసిన అంకె 96 వచ్చింది.

హిమోగ్లోబిన్ బాగుండి నరాలు ఎందుకు దెబ్బతిన్నాయన్నది మన తెలుగువారికి ప్రత్యేకంగా తెలియవలసిన సంగతి, ఎందుకంటే దానికి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పరిశోధనతో సంబంధం ఉంది. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో అమెరికాలో, రక్తం తయారీకి అవసరమైన ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను కృత్రిమంగా తయారు చేసింది. అది అందగానే రక్తం చక్కబడిన రక్తహీనత రోగులలో కొందరికి నరాల జబ్బు మాత్రం ముదురుతూనే ఉందని వైద్యులు గమనించారు. ఆ నరాలను కాపాడే పదార్థం వేరే ఉందని, అదే బీ12 అని, 1948లో దానిని విడిగా రాబట్టిన తరువాత స్పష్టమైంది. సుబ్బారావు గారు కన్నుమూసింది కూడా ఆ ఏడాదే. ఆకుకూరలూ పప్పులూ దండిగా తినే వీగన్ ఒంట్లో ఫోలిక్ ఆమ్లానికి లోటుండదు. కాబట్టి రక్తం బాగానే కనబడుతూ, బీ12 లోటు మాత్రం నరాలలో లోలోపల పని కానిస్తుంది. కళాశాలల్లో హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి పంపించే రక్తపరీక్షా శిబిరాలలో ఇది పట్టుబడకపోవచ్చు.

బీ12ను మొక్కలూ తయారు చేయవు, జంతువులూ తయారు చేయవు. బాక్టీరియా మాత్రమే చేస్తుంది. ఆవు, మేక, గొర్రె వంటి నెమరువేసే జంతువుల కడుపులో ఉండే బాక్టీరియా దానిని చేస్తే, అది పాలలోకీ మాంసంలోకీ వస్తుంది. మనిషికి రోజుకు కావలసింది రెండు మైక్రోగ్రాముల పైచిలుకు మాత్రమే. పైగా కాలేయంలో కొన్నేళ్ళకు సరిపడా నిల్వ ఉండడం వల్ల మానేసిన మొదటి ఏడాది ఏమీ తెలియదు, ఆ ఏమీ తెలియకపోవడమే ధీమా ఇస్తుంది. మావాడు పల్లీల పాలు తీసి, పచ్చిమిర్చి తొడిమెలు వేసి పెరుగు తోడు పెట్టేవాడు. పులుపుకు పులుపు, గడ్డకు గడ్డ, చూడడానికి పెరుగే. పులిసింది కాబట్టి అందులో బీ12 ఉంటుందని వాడి నమ్మకం. పాలను పులియబెట్టే బాక్టీరియా వేరు, బీ12 చేసే బాక్టీరియా వేరు. ఇడ్లీ పిండిని నమ్ముకున్నా ఇదే తప్పు. స్పిరులినా బిళ్ళలలో ఉండేది చాలా మటుకు మన ఒంటికి పనికిరాని నకలు బీ12.

"మన తాతలు ఏ బిళ్ళలు మింగారు?" అని నన్ను ఒక మిత్రుడు నిలదీశాడు. మన తాతలు మాంసం మానినా సల్ల మానలేదు. నేను పుట్టిన ఊళ్ళో, ఇల్లు ఎంత పేదదైనా, ఎవరో ఒకరింటి నుంచి ముంతెడు సల్ల వచ్చేది. పాడి ఉన్నవాళ్ళు దానిని అమ్మడం తప్పుగా భావించేవారు. శాకాహారానికి మన దేశంలో వందల ఏళ్ళ అనుభవం ఉంది. పాలు కూడా లేని ఆహారానికి అటువంటి అనుభవం లేదు. వీగన్ అన్న మాటే 1944లో ఇంగ్లండులో పుట్టింది. ఈ విషయంలో నాయనమ్మను అడిగితే జవాబు దొరకదు, మందుల దుకాణంలో దొరుకుతుంది. ఆ మందును కర్మాగారంలో బాక్టీరియాను పులియబెట్టి తయారు చేస్తారు కాబట్టి వీగన్ నియమానికి భంగం లేదు. పట్టింపు ఉన్నవారు, జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ తొడుగు ఉన్న గొట్టం మాత్రలు (క్యాప్సూల్స్) మానుకొని మామూలు బిళ్ళలు అడగవచ్చు. మోతాదు వైద్యుడు చెప్పాలి. మావాడికి మొదట సూదులు వేసి, తరువాత వారానికి ఒక బిళ్ళ రాశారు. ఏడెనిమిది నెలలకు తిమ్మిర్లు తగ్గాయి. కుడికాలి బొటనవేలి చివర మాత్రం ఇంకా కొంచెం మొద్దుగానే ఉందంటాడు. గర్భిణులూ పాలిచ్చే తల్లులూ వీగన్లయితే బిళ్ళ మానడం మరీ ప్రమాదం. తల్లికి లోటుంటే పాలు తాగే బిడ్డకూ లోటే. అటువంటి పసిపిల్లల్లో వణుకు, ఎదుగుదల వెనక్కి పోవడం వైద్యులు చూస్తున్నారు.

ఇక అందరూ భయపడే ప్రోటీన్ సంగతికి వస్తాను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్క ప్రకారం పెద్దవారికి శరీర బరువులో కిలోకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. మొక్కల ప్రోటీన్‌లో ఒంటికి పట్టే భాగం కొంత తక్కువ కనుక కిలోకు ఒక గ్రాము అనుకుంటే నిశ్చింత. మావాడి బరువు 60 కిలోలు, అంటే 60 గ్రాములు. ఆ సెలవుల్లో నేను వంటింటి త్రాసు ఒకటి కొని, మా శ్రీమతి విసుక్కుంటున్నా లెక్కచేయక, వండే ప్రతి వస్తువునూ తూచాను. మాకు ముగ్గురికీ రోజంతటికీ వేసే కందిపప్పు 90 గ్రాములు, టీ గ్లాసుకు కొంచెం వెలితిగా ఉంది. మనిషికి 30 గ్రాముల పప్పు అంటే సుమారు ఆరున్నర గ్రాముల ప్రోటీన్. రెండు పూటలా కలిపి 250 గ్రాముల బియ్యం తింటే 20 గ్రాములు వచ్చాయి, కూరా పచ్చడీ కలిపి మూడు నాలుగు. మొత్తం ముప్పై, అంటే కావలసినదానిలో సగం. పాలూ గుడ్డూ ఉన్నంతకాలం ఈ లోటు కొంత పూడుతుంది. అవి తీసేసి పప్పు మాత్రం పాత కొలతకే వేస్తే, తప్పు వీగన్ ఆహారానిది కాదు, నీళ్ళపప్పుది.

ఆ కొలత మార్చి చూశాం. బియ్యం 150 గ్రాములకు తగ్గించి, 100 గ్రాముల జొన్నపిండితో రొట్టెలు చేస్తే రెండూ కలిపి 22 గ్రాములు. పప్పు 60 గ్రాములు చేస్తే 13. సాయంత్రం 50 గ్రాముల బొబ్బర్లు నానబెట్టి గుడాలు చేస్తే పది, గుప్పెడు పల్లీలు, అంటే 40 గ్రాములు, మరో పది. పచ్చిపులుసులోనూ పచ్చడిలోనూ పడే నువ్వులు మూడు, కూరగాయలు మూడు. అరవై దాటింది. ఇందులో వరంగల్ బజారులో దొరకనిది ఒక్కటీ లేదు. కసరత్తు చేసేవారికి ఇంకా కావాలంటే మీల్‌మేకర్ ఉంది, దాని ఎండు బరువులో సగం ప్రోటీనే. ఆదిలాబాదు, నిజామాబాదు ప్రాంతాల్లో సోయా పండించి నూనె మిల్లులకు పంపే మనం, దానిని వంటలోకి ఎందుకు రానివ్వమో నాకు అర్థం కాదు. జిమ్ముల్లో కుర్రవాళ్ళు వేలకు వేలు పోసి కొనే వే ప్రోటీన్ డబ్బాల్లో ఉండేది పాల విరుగుడు పొడి, అంటే అది వీగన్ కూడా కాదు.

మొక్కల ప్రోటీన్ అసంపూర్ణమన్న మాట కూడా ఆ వ్యాసాలలో భయపెట్టే స్వరంతో వస్తుంది. ప్రోటీన్ అమైనో ఆమ్లాలనే ముక్కలతో తయారవుతుంది. వాటిలో లైసిన్ అనేది బియ్యం, జొన్నలలో తక్కువ, మెథియొనిన్ అనేది పప్పుల్లో తక్కువ. రెండూ తింటే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. ఒకే ముద్దలో కలవాలని కూడా లేదు, ఒకే రోజులో తింటే చాలు. మా వరంగల్ సర్వపిండిని చూడండి. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం కలిపి, గిన్నె అడుగున మందంగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వేసి మూతపెడతారు. అడుగు ఎర్రబడి అంచులు గిన్నెను విడిచినప్పుడు తీస్తే, ధాన్యం, పప్పు, నూనెగింజ మూడూ ఒకే ముక్కలో ఉంటాయి. సద్దుల బతుకమ్మ నాడు మావాడు పెరుగన్నం ఒక్కటి పక్కకు జరిపి, పులిహోర, నువ్వులన్నం, కొబ్బరన్నం, నిమ్మకాయ అన్నం ఏ ఇబ్బందీ లేకుండా తిన్నాడు. పండుగలో ముద్దపప్పుకు ఒక రోజే కేటాయించిన ప్రాంతం మనది.

మిగిలిన పోషకాలలో కాల్షియానికి కొంత జాగ్రత్త కావాలి. పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాములు అవసరం. తైదలు (రాగులు) 100 గ్రాములలో సుమారు 350 ఉంటుంది. పొట్టు తీయని నువ్వులు, మునగాకు కూడా మంచివే. పొట్టు తీసిన తెల్ల నువ్వుల్లో చాలా భాగం పోతుంది. పాలకూరలో కాల్షియం ఉన్నా ఆ ఆకులోని ఆక్సలేట్లు అనే పదార్థాలు కాల్షియాన్ని ఒంటికి అందనివ్వవు. ఇనుము విషయంలో, పప్పు మీద నిమ్మకాయ పిండుకోవడం, గింజలు నానబెట్టి మొలకెత్తించడం, తిన్న వెంటనే చాయ్ తాగకపోవడం ఎంతో మేలు చేస్తాయి. పాలు లేని చాయ్ అయినా సరే, గంట ఆగాలి. జొన్నరొట్టెలోకి అవిసెల పొడి ఒమేగా-3 అనే మంచి కొవ్వును ఇస్తుంది. చేపలూ పాలూ మానినవారు అయోడిన్ కలిపిన మామూలు ఉప్పు వదిలి ఫ్యాషన్ కోసం గులాబీ రంగు ఉప్పుకు మారితే అయోడిన్ కూడా పోతుంది. ఎండకు తిరగని ఉద్యోగులు డి విటమిన్ కూడా చూపించుకోవడం మంచిది.

2022లో వచ్చిన నిబంధనల తరువాత పొట్లాల మీద వీగన్ గుర్తు కనబడుతోంది. అందులో జంతు పదార్థం లేదని మాత్రమే ఆ గుర్తుకు అర్థం. బాదం పాలలో ప్రోటీన్ నామమాత్రం, సోయా పాలలో నయం. బీ12, కాల్షియం కలిపారో లేదో పొట్లం వెనుక సన్న అక్షరాలలో చదివితే గాని తెలియదు.

కాబట్టి తమ పత్రికకు నా విన్నపం ఇది. ఆరోగ్య పేజీలో వీగన్ ఆహారం గురించి రాయించినప్పుడు బీ12ను మొదటి పేరాలోకి తీసుకురండి. కొలతలు గ్రాములతో పాటు టీ గ్లాసుల్లో, గుప్పెళ్ళలో ఇవ్వండి. బొబ్బర్లు, తైదలు, అనుములు, పల్లీలు అని మా ఇళ్ళలో పలికే పేర్లతో రాయించండి. తిమ్మిర్లతో వచ్చినవారిని మొదట ఏం తింటారో అడగమని ఒక వైద్యుని చేత నాలుగు మాటలు రాయించగలిగితే ఇంకా సంతోషం.

స్థలాభావం వల్ల ఈ లేఖను కుదించవలసి వస్తే, సర్వపిండి ముచ్చట నిరభ్యంతరంగా తీసివేయండి. ఆ చెప్పు సంగతి మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ