నరం కోసే ముందు కరెంటు పెట్టి చూసే ఏర్పాటు చేయండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కర్నూలులో ఫిజియోథెరపిస్టును. 44వ నంబరు జాతీయ రహదారి మీద బైకు ప్రమాదాల్లో చెయ్యి చచ్చుబడిన కుర్రాళ్లు మా దగ్గరికి వస్తుంటారు. మెడ నుంచి చేతికి దిగే నరాల గుంపు (బ్రేకియల్ ప్లెక్సస్) సాగి, చిట్లి ఉంటుంది. ఎముక విరిగితే పడే కంగారు దీనికి ఎవరూ పడరు. నరం కదా, మెల్లగా అదే వస్తుందిలే అని నెలలు గడిపేస్తారు. నరం పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. ఏడాదిన్నర దాటాక అది చేరినా కండ అందుకోవడం కష్టం.

ఇలాంటి చేతికి చేసే ఒక ఆపరేషన్ నర్వ్ ట్రాన్స్‌ఫర్. అంటే బాగున్న నరంలోంచి ఒక పాయ తీసి, పడిపోయిన కండ నరానికి కుట్టడం. మోచెయ్యి మడవడానికి అల్నార్ నరం (చిటికెన వేలి వైపు దిగే నరం) పాయను బైసెప్స్ (జబ్బ ముందు కండ) నరానికి కలిపే పద్ధతిని ఫ్రాన్స్ సర్జన్ ఒబెర్లిన్ బృందం 1994లో ప్రచురించింది. ఏ పాయ తీయాలన్నదే అసలు చిక్కు. వేళ్లను ఆడించే పాయ తీస్తే ఉన్న పట్టు కూడా పోతుంది. అందుకే ఆపరేషన్‌లోనే ఒక్కో పాయకు కొద్దిపాటి కరెంటు ఇచ్చి, మణికట్టు వంగుతోందా, వేళ్లు కదులుతున్నాయా అని చూస్తారు.

అసలు ట్రాన్స్‌ఫర్ అవసరమా అన్నదీ అక్కడే తేలాలి. దెబ్బ తగిలిన చోట గడ్డలా ఉబ్బిన నరం లోపల బతికుందో లేదో కంటికి కనిపించదు, ఎమ్మారై కూడా ప్రతిసారీ చెప్పలేదు. గడ్డకు ఇవతల కరెంటు ఇస్తే అవతల సిగ్నల్ వచ్చిందా, దాన్ని కోయకూడదు. మోటారు కాలిందో కేబుల్ తెగిందో చూడకుండా మన రైతు బోరులోంచి మోటారు పైకి లాగడు కదా సార్!

ఈ కరెంటు ఇచ్చే, చేత్తో పట్టుకునే స్టిములేటర్ చిన్నదే. సిగ్నల్ రికార్డు చేసే మానిటర్ వేరు, దాన్ని చదవగల టెక్నీషియన్ ఉండాలి. మిషన్ కొని, కవరు కప్పి మూల పెట్టే పని మాత్రం వద్దు. మత్తు డాక్టర్లకూ ట్రైనింగ్ కావాలి. కండలు సడలించే మందు పనిచేస్తున్నంతసేపు బతికున్న నరానికి కరెంటు ఇచ్చినా కండ కదలదు మరి.

కర్నూలు పెద్దాసుపత్రిలో ఈ టీమ్‌ను పెట్టండి. ఎన్టీఆర్ వైద్య సేవలో ఈ పరీక్ష ఖర్చును విడిగా, పేరు పెట్టి రాయించండి. ప్రమాదం జరిగి మూడు నెలలైనా కదలిక రాని చేతిని సర్జన్‌కు చూపించాలని ఆదోని, డోన్, ఎమ్మిగనూరు ఆసుపత్రులకు సర్క్యులర్ పంపండి. దీనికైతే బడ్జెట్ కోసం ఆగక్కర్లేదు, ఈ వారమే పంపొచ్చు.

ఇట్లు,
కర్నూలు నుంచి ఒక ఫిజియోథెరపిస్టు