సనత్‌నగర్ చూడని ఇంటర్నేషనల్ బిజినెస్ చదువు

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ విద్యా పేజీలో, ఇంటర్ తర్వాత బీబీఏ ఇంటర్నేషనల్ బిజినెస్ చదివితే విదేశీ కంపెనీల్లో ఉద్యోగాలు చేతికందుతాయని ఒక వ్యాసం వేశారు. చదివిన రోజే రాద్దామనుకున్నాను. నెలాఖరు షిప్‌మెంట్ల హడావుడిలో తీరిక దొరకలేదు. ఈలోగా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆ పేజీ నాలుగుసార్లు తిరిగింది. ఇంటర్ పిల్లలున్న ఇద్దరు తల్లులు మా తలుపు తట్టి "మీరు ఆ లైన్లోనే ఉన్నారుగా, చేర్పించమంటారా?" అని అడిగారు. వాళ్లకు చెప్పిందే మీకూ రాస్తున్నాను.

నేను ఇరవై మూడేళ్లుగా ఒక కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసులో డాక్యుమెంట్ల పని చూస్తున్నాను. ఈ ఊరి నుంచి పసుపు, మిర్చి, బియ్యం, మందులు, గ్రానైట్ బయటి దేశాలకు వెళ్లాలంటే ఎన్ని కాగితాలు సరిపోలాలో నాకు తెలుసు. మా ఆడపడుచు కూతురు నగర శివార్లలో ఒక ప్రైవేటు కాలేజీలో మీరు రాసిన కోర్సే మూడో ఏడాది చదువుతోంది. మిర్యాలగూడ దగ్గర ఎకరం పొలం అమ్మి చేర్పించారు. ఫీజు ఏడాదికి రెండు లక్షలు దాటింది.

మొన్న దసరా సెలవుల్లో ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. "అత్తయ్యా, ఇంకోటర్మ్స్ పదమూడూ బట్టీ పట్టాలి, ఒక్కటీ బుర్రకెక్కట్లేదు" అంటూ నోట్సు తెచ్చి ముందు పెట్టింది. ఇంకోటర్మ్స్ అంటే సరుకు ఖర్చులు, నష్టం ఎక్కడిదాకా ఎవరివో తేల్చుకోవడానికి అమ్మినవాడూ కొన్నవాడూ ఒప్పందంలో రాసుకునే మూడక్షరాల అంతర్జాతీయ షరతులు. స్పైరల్ బైండింగ్ చేయించిన జిరాక్సు కాగితాలు. పాతికో ముప్పయ్యో సార్లు జిరాక్సు మీద జిరాక్సు తీసినట్టు అక్షరాల అంచులు కరిగిపోయి ఉన్నాయి. చూడగానే నాకు కడుపులో దేవినట్టయింది. పదమూడు అనేది 2000 నాటి లెక్క. 2010లో దాన్ని పదకొండు చేశారు. ఇప్పుడు నడుస్తున్నది 2020 నాటిది, అందులోనూ పదకొండే. ఈ పిల్ల నోట్సులో డీఈక్యూ, డీఈఎస్ అని రెండున్నాయి. అవి రద్దయ్యేనాటికి ఈ పిల్ల ఒకటో తరగతిలో కూడా చేరలేదు.

ఇది అంకెల పట్టింపు అని ఎవరైనా అనుకుంటారేమో. సరుకు దారిలో తడిసినా, ఓడ మునిగినా నష్టం అమ్మినవాడిదా కొన్నవాడిదా అని తేల్చేవి ఆ మూడక్షరాలే. అన్ని రవాణాలకూ అన్నీ పనికిరావు. ఎఫ్ఓబీ, సీఐఎఫ్ లాంటి నాలుగు ఓడ సరుకులకే. కంటైనర్లో పంపే సరుకుకు, ఓడ ఎక్కేదాకా నష్టం అమ్మినవాడిదే అనే ఎఫ్ఓబీ బదులు, రవాణావాళ్లకు అప్పగించేదాకానే అమ్మినవాడిది అనే ఎఫ్‌సీఏ రాసుకోమని ఆ నియమాలు పెట్టిన సంస్థే చెబుతోంది. మనలాంటి తీరంలేని ఊరికి ఇది ఎంత ముఖ్యమో చూడండి. కంటైనర్ సనత్‌నగర్ డిపోలోనే సీలవుతుంది, రైలెక్కి ముంబై దగ్గర నవా షేవా రేవుకు పోతుంది. మన చేతినుంచి వదిలిన చోటుకూ ఓడ ఎక్కే చోటుకూ మధ్య వందల కిలోమీటర్లుంటాయి. ఆ మధ్యలో ఏదైనా జరిగితే ఎవరు భరించాలి? మేం రోజూ తలపట్టుకునేది దీని గురించే. ఆ నోట్సులో దీని మీద ఒక్క వాక్యం లేదు.

ఇంకో పేజీ తిప్పితే, అమల్లో ఉన్న విదేశీ వాణిజ్య విధానం 2015–20 అని ఉంది. కొత్త విధానం వచ్చింది 2023 ఏప్రిల్ 1న. ఎగుమతిదారుకు ఎంఈఐఎస్ అనే పథకం కింద ప్రోత్సాహకం వస్తుందని ఉంది. అది 2020 డిసెంబరు ఆఖరుతో పోయింది, 2021 జనవరి నుంచి ఎగుమతి సరుకు మీద పడిన పన్నులు తిరిగిచ్చే రోడ్‌టెప్ వచ్చింది. ఇవి దాచిన రహస్యాలేం కావు, ప్రభుత్వ వెబ్‌సైట్లో ఎవరికైనా దొరుకుతాయి. రెండు లక్షలు కట్టించుకున్న కాలేజీకి ఒక పూట కూర్చుని నోట్సు దిద్దే తీరిక లేదా? పరీక్షలో పదకొండు అని రాస్తే మార్కులు పోతాయని ఆ పిల్ల భయం. "మేడమ్ ఇచ్చిందే రాయాలి అత్తయ్యా" అంది. నేనేం చెప్పను?

పోయిన ఏడాది మా ఆఫీసులో రెండు ఖాళీలుంటే ఈ డిగ్రీ ఉన్నవాళ్లే పదకొండు మంది వచ్చారు. చక్కటి పిల్లలు. పీపీటీలు బాగా చేస్తారు, ఇంగ్లిష్ గడగడా మాట్లాడతారు. ఒక్కొక్కరి ముందూ ఒక ఇన్వాయిస్ పెట్టి, సరుకు పసుపు, దీనికి కస్టమ్స్ వాడే ఎనిమిదంకెల సరుకు కోడ్ ఎలా వెతుకుతారో చెప్పమన్నాను. పసుపు, అల్లం, కుంకుమపువ్వు మూడూ 0910 కిందే వస్తాయి. ఆ తర్వాతి అంకెలే కొమ్ముకీ పొడికీ తేడా చెబుతాయి. "మేడమ్, కొమ్మా పొడా?" అని అడిగింది పదకొండు మందిలో ఒక్క అమ్మాయి. ఆ అమ్మాయిని అక్కడికక్కడే తీసుకున్నాం. తర్వాత తెలిసింది, వాళ్ల నాన్నకు బేగంబజార్‌లో మసాలా దినుసుల దుకాణం ఉందని. ఆ ప్రశ్న కాలేజీ నేర్పింది కాదు. రెండో ఖాళీ నాలుగు నెలలు అలాగే ఉండిపోయింది. ఇందులో పిల్లల తప్పు ఏమీ లేదు. మూడేళ్లలో కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం, అదే షిప్పింగ్ బిల్లు, ఒక్కటి కూడా కళ్లచూడకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

మా ఆడపడుచు కూతురి క్లాసును పోయిన ఏడాది 'ఇంటర్నేషనల్ ఎక్స్‌పోజర్' పేరుతో దుబాయ్ తీసుకెళ్లారు. దానికి వేరే డబ్బు, ఒక్కొక్కరికి తొంభై వేలు. ఏం చూశారమ్మా అంటే ఫోనులో ఫోటోలు చూపించింది. మాల్, ఎత్తయిన భవనం, ఎడారిలో కార్లు. జెబెల్ అలీ రేవు ఆ ఊళ్లోనే ఉంది, ప్రపంచంలో పెద్ద కంటైనర్ రేవుల్లో ఒకటి. దాని గేటు వరకైనా తీసుకెళ్లలేదు. దుబాయ్ సంగతి వదిలేయండి. వాళ్ల కాలేజీ నుంచి సనత్‌నగర్ కంటైనర్ డిపోకు బస్సులో గంట. మూడేళ్లలో ఒక్కసారి తీసుకురాలేదు. శంషాబాద్ విమానాశ్రయంలో మందుల కోసం విడిగా చల్లటి గోదాములున్నాయి, టీకాలు అక్కడి నుంచే దేశాలు దాటుతున్నాయి. అదీ చూపించలేదు. రెడ్ హిల్స్‌లో 1917 నుంచి ఉన్న వాణిజ్య మండలి ఉంది. సరుకు ఏ దేశానిదో ధ్రువీకరించే పత్రం అక్కడ ఇస్తారని ఈ పిల్లకు నేను చెప్పేదాకా తెలియదు.

ఇక భాష. విదేశీ వ్యాపారం చదివే పిల్లలకు మూడేళ్లలో ఒక్క విదేశీ భాష నేర్పరు. తార్నాకలో ఇఫ్లూ ఉంది. అరబిక్, స్పానిష్, జపనీస్, రష్యన్, చైనీస్ నేర్పే కేంద్రీయ విశ్వవిద్యాలయం మన ఊళ్లోనే ఉంటే దాంతో ఒప్పందం చేసుకోవడానికి ఈ కాలేజీలకు ఏం అడ్డం? మా ఆఫీసులో అరబిక్ చదవగలిగిన పెద్దాయన ఒకరుంటే గల్ఫ్ పార్టీల కాగితాలన్నీ ఆయన బల్ల మీదికే పోతాయి. ఆయన చదువు పదో తరగతి.

మిర్యాలగూడ పేరు ఎత్తాను కాబట్టి ఇదీ చెప్పాలి. 2023 జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఒక్క నోటిఫికేషన్‌తో ఆపేసింది. నెల తిరిగేసరికి ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేసింది. నిషేధం వచ్చిన రాత్రి మా ఆఫీసులో ఎవరూ ఇంటికి పోలేదు. కస్టమ్స్‌కు అప్పటికే అప్పగించిన సరుకేది, ఇంకా లారీలో ఉన్నదేది అని ఒక్కొక్క కంటైనర్ నంబరూ చూసుకుంటూ కూర్చున్నాం, ఎందుకంటే మినహాయింపు దాని మీదే ఆధారపడి ఉంది. మిల్లర్ల ఫోన్లు ఆగలేదు. అమెరికాలో మనవాళ్లు సోనా మసూరి కోసం దుకాణాల ముందు క్యూ కట్టారు. తెల్లబియ్యం మీద నిషేధం 2024 సెప్టెంబరులో గానీ ఎత్తేయలేదు. ధర, రాజకీయం, రైతు, ఓడ, బ్యాంకు అన్నీ ఈ ఒక్క సంగతిలోనే కనిపిస్తాయి. ఒక సెమిస్టర్ మొత్తం దీని మీదే పాఠం చెప్పొచ్చు. ఆ పిల్ల పుట్టిన ఊరి కథ ఇది. క్లాసులో దీని ఊసే రాలేదట. ఎప్పటిదో ఒక అమెరికన్ శీతలపానీయం కంపెనీ కేస్ స్టడీ మాత్రం మూడు సెమిస్టర్లలో మూడుసార్లు చెప్పారట.

సముద్రం లేకపోయినా మన ఊరికి ముత్యాల నగరం అని పేరొచ్చింది. నిజాముల కాలంలో బస్రా ముత్యాలు గల్ఫ్ నుంచి ఇక్కడికి వచ్చాయి. ఇప్పుడు పత్తర్‌గట్టిలో దొరికేవాటిలో ఎక్కువ భాగం చైనావి. వేరే దేశం సరుకు తెచ్చి, తూకం వేసి, నాణ్యత చూసి, గుచ్చి మళ్లీ అమ్మడం ఈ ఊరికి తరాలుగా తెలిసిన విద్య. అలాంటి ఊళ్లో ఈ చదువు ఇలా తయారవడం నాకు నిజంగా బాధగా ఉంది.

అధికారులను అడగాల్సిందీ ఉంది. 2024–25 నుంచి బీబీఏ, బీసీఏలను సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ తన కిందికి తెచ్చుకుంది. మంచిదే, ఇక ఎవరో ఒకరు చూస్తారు అనుకున్నాం. అనుమతి ఇచ్చేటప్పుడు గదులు, కంప్యూటర్లు లెక్కపెడుతున్నారు గానీ ఎగుమతి పాఠం చెప్పే మనిషి జన్మలో ఒక్కసారైనా ఎగుమతి కాగితం ముట్టుకున్నారా అని అడుగుతున్నారా? డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ పోర్టల్ దోస్త్‌లో ఆప్షన్లు పెట్టుకునే పిల్లలకు కాలేజీ పేరు, సీట్లు, ఫీజు కనిపిస్తాయి. పాఠం ఎవరు చెబుతారో కనపడదు. మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రో పిల్లర్ల మీద గ్లోబల్ కెరీర్ అని బోర్డులు వేలాడుతుంటే, అందులో నిజమెంతో చూసే బాధ్యత ఏ ఆఫీసుదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఫిర్యాదు చేద్దామని మా ఆడపడుచు భర్త మూడు ఆఫీసులు తిరిగారు. ఒకరు యూనివర్సిటీకి పొమ్మన్నారు, వాళ్లు ఉన్నత విద్యామండలికి పొమ్మన్నారు, అక్కడ కాలేజీలోనే మాట్లాడుకోమన్నారు. కాలేజీలో, సిలబస్ మా చేతుల్లో లేదన్నారు. జిరాక్సు నోట్సు ఎవరి చేతుల్లో ఉందండీ?

ఈ కోర్సు చదవొద్దని నేను అనను. ఇద్దరు తల్లులకూ అదే చెప్పాను. సరిగ్గా నేర్పితే ఈ ఊరికి దీనికి మించిన డిగ్రీ లేదు. మా ఆఫీసులాంటివి ఊళ్లో ఎన్నో ఉన్నాయి, అందరికీ మనుషులు కావాలి. చేర్పించే ముందు కాలేజీకి వెళ్లి మూడు సంగతులు అడగమన్నాను. పాఠం చెప్పేవాళ్లలో ఈ పని చేసినవాళ్లు ఎందరు? పిల్లలను కంటైనర్ డిపోలోనో క్లియరింగ్ ఆఫీసులోనో ఎన్ని వారాలు ఉంచుతారు? నోట్సు ఏ సంవత్సరానిది?

మీ పత్రికకు నా విన్నపం కూడా ఇదే. మీ వ్యాసంలో కాలేజీల పేర్లు, ఫీజులు వేశారు. ఈసారి మీ విలేకరిని ఈ మూడు ప్రశ్నలతో అదే కాలేజీలకు పంపండి, వాళ్లిచ్చిన జవాబులు అదే పేజీలో వేయండి. డిపో చూడాలంటే నేను తీసుకెళతాను. మా ఆడపడుచు కూతురు ఇప్పుడు ప్రతి శనివారం మా ఆఫీసుకు వస్తోంది. పోయిన వారం మొదటి ప్యాకింగ్ లిస్టు తానే రాసింది. ఇన్వాయిస్‌లో నికర బరువుకూ అందులోని బరువుకూ నలభై కిలోలు తేడా ఉందని నేను చెప్పకముందే పట్టుకుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మూసాపేట, హైదరాబాద్