లాహిరి మెట్టు మీద కూర్చోలేదు

పర్లాకిమిడి,
ఆదివారం పొద్దున్న

ఒరేయ్ గోడబల్లీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తిట్టు, పడతాను. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, చిన్నదానికి ఒడియాలో మంచి మార్కులే వచ్చాయి, పెరటిగోడ మళ్ళీ కూలింది. ఇక అసలు సంగతి విను, చెప్పకపోతే పొట్ట పగిలేలా ఉంది.

బరంపురంలో మనిద్దరం చందా వేసుకుని కొన్న మాయాబజార్ డీవీడీ గుర్తుందా? మొన్న పెద్దమావయ్య వచ్చాడు. శుక్లాల ఆపరేషన్ అయింది కదా, బొమ్మ వద్దు, విందాం అన్నాడు. 'లాహిరి లాహిరి' వచ్చేసరికి హార్మోనియం తెమ్మన్నాడు. మోహన రాగమే కదా, అయిదు స్వరాలు, ఆయనకి చిటికెలో పని. పట్టు దొరకదే! తెల్లమెట్టు నొక్కితే పాట పైనుంది, పక్క నల్లమెట్టు నొక్కితే పాట కిందుంది.

"ఘంటసాలకి పడిశం పట్టిందేటిరా, గొంతు సన్నబడింది" అన్నాడు. లీల గొంతూ చిన్నపిల్ల గొంతులా ఉందట. నేను నవ్వేసి, పెట్టె పాతదైపోయింది మావయ్యా అన్నాను. ఆయన మూతి ముడుచుకుని అన్నం తినకుండా పడుకున్నాడు. నలభై ఏళ్ళు వాయించిన చెవిని వెక్కిరించానురా. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ... సరే.

రాత్రి నిద్ర పట్టక అదే పాట ఫోన్‌లో ఉన్న వేరే కాపీలో పెట్టి, మెల్లిగా మెట్టు నొక్కాను. అతికినట్టు కలిసింది! వాచీ పెట్టి చూశాను. డిస్క్‌లో పాట నిమిషానికి దాదాపు రెండున్నర సెకన్లు ముందు పరుగెడుతోంది. అప్పుడు వెలిగింది. సినిమాకి సెకనుకి 24 బొమ్మలు, మన పాల్ (PAL) అనే టీవీ పద్ధతికి 25. డిస్క్ చేసినవాళ్ళు 24ని 25గా తోలేశారు, ఆ వేగంతో పైకెక్కిన శ్రుతిని వెనక్కి దించలేదు. నాలుగు శాతం వేగం అంటే హార్మోనియం మీద మెట్టులో పదింట ఏడు వంతులు. అందుకే రెండు మెట్ల మధ్య ఇరుక్కుంది! మూడు గంటల సినిమా ఏడు నిమిషాలు ముందే అయిపోతుంది, మనకి తెలిసిందా?

కంప్యూటర్‌లో వేగం 0.96 పెట్టాను. ముందు శ్రుతి ఏం మారలేదు, వేగం మారినా ఆ ప్లేయర్ శ్రుతిని తనంతట తానే సర్దేస్తోంది. సెట్టింగుల్లో ఆ టిక్కు తీసేశాక ఘంటసాల గొంతుకి బరువు తిరిగొచ్చింది. మావయ్యని లేపి వినిపించాను. ఏమీ అనలేదు. అర్ధరాత్రి చద్దన్నం అడిగి తిన్నాడు.

అన్నట్టు, డిస్క్ అట్ట మీద 5.1 అని, అంటే చుట్టూ ఆరు స్పీకర్ల శబ్దమని చూసి ఎంత మురిశాం! 1957 నాటి మోనో, అంటే ఒక్క స్పీకరు శబ్దం రా అది. దాన్నే వెనక స్పీకర్లలోకి కాస్త ప్రతిధ్వని కలిపి పోశారు. శశిరేఖ నూతిలోంచి మాట్లాడినట్టుందని నువ్వు అప్పుడే అన్నావు, నేనే ఒప్పుకోలేదు. 2010లో రంగులేసినప్పుడు డీటీఎస్ అనే చుట్టూ శబ్దానికి మార్చింది హాల్లో బాగానే ఉంది, కాదనను. కానీ నాకు ఒక్క స్పీకరే హాయి. హాలు గోడకి చెవి ఆనించి విన్నవాళ్ళం, మనకి చుట్టూ శబ్దం ఎందుకు?

నీ దగ్గరున్న వీసీడీ కూడా హార్మోనియంతో చూడు. నా అనుమానం అదీ పరుగెడుతోందని. ఇంకా దానవీరశూరకర్ణ సంగతి చెప్పాలి, అందులో మరో తమాషా... పక్కింటివాడు నౌపడ రైలుకి బయల్దేరిపోతున్నాడు, ఈ కవరు వాడి చేతికే ఇవ్వాలి. గుమ్మంలో నిలబడి కేకలేస్తున్నాడు. తర్వాత రా