ఆవిరి పట్టే గాగుల్స్ వెనక్కి తీసుకుంటున్నాను

బొమ్మ తుపాకులతో ప్లాస్టిక్ గుండ్లు పేల్చుకునే ఆట కోసం మా దగ్గర గాగుల్స్ కొన్న ఎయిర్‌సాఫ్ట్ కుర్రాళ్లకీ, వాళ్లని ఆటకి పంపే అమ్మానాన్నలకీ ఈ కబురు.

మే నుంచి సెప్టెంబరు దాకా మా షాపులో అమ్మిన నల్ల ఫ్రేము, పసుపు ఎలాస్టిక్ గాగుల్స్, డబ్బా మీద ‘యాంటీ ఫాగ్’ (ఆవిరి పట్టదు) అని స్టిక్కరు అంటించి ఉన్నవి, అన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. మీరిచ్చిన 650 రూపాయలూ తిరిగి ఇచ్చేస్తాను. బిల్లు పోయినా, అద్దం మీద గీతలు పడినా, ఎలాస్టిక్ సాగిపోయినా ఫర్వాలేదు, తీసుకురండి. 50 తెప్పిస్తే 43 అమ్మాను. ఇప్పటికి 11 వచ్చాయి. మిగతా 32 ఎవరి కళ్ల మీద ఉన్నాయోనన్న టెన్షన్ నన్ను వదలడం లేదు.

ఏం జరిగిందంటే, సెప్టెంబరులో ఒక ఆదివారం నూజివీడు వైపు ఒక మామిడితోటలో ఆట పెట్టుకున్నారు. ముందురోజు రాత్రంతా వాన. తోటలో నేల ఇంకా చిత్తడిగానే ఉంది, గాలి లేదు, ఒకటే ఉక్క. మన కస్టమరు ఒక అబ్బాయి పదినిమిషాలు పరిగెత్తేసరికి అద్దం తెల్లబడిపోయింది. చెట్టు చాటుకి వెళ్లి గాగుల్స్ నుదుటి మీదికి ఎత్తి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు. అదే క్షణంలో బీబీ, అంటే ఆ ప్లాస్టిక్ గుండు, వచ్చి కనుబొమ్మ కింద తగిలింది. ఒక్క సెంటీమీటరు కిందికి వచ్చి ఉంటే కన్నే. మర్నాడు షాపుకి వచ్చి, “ఆట మధ్యలో తీయడం నా తప్పే అంకుల్” అన్నాడు. వాపు ఇంకా తగ్గలేదు. ఆ మాట నేను ఒప్పుకోలేదు. ఎదుట ఏమీ కనపడని మనిషి గాగుల్స్ ఎత్తకుండా ఎంతసేపు ఉండగలడు?

నేను పరీక్షించకుండా అమ్మానని కాదు. ఆ సరుకు వచ్చిన వారమే మా తమ్ముడి కొడుక్కి పెట్టి షాపు వెనక సందులో అరగంట పరిగెత్తించాను. ఒక్క చుక్క ఆవిరి పట్టలేదు. ధైర్యంగా అమ్మాను. పొరపాటు ఎక్కడ జరిగిందో ఆ అబ్బాయి వచ్చి వెళ్లాకే తట్టింది. నేను చూసింది రోహిణి కార్తెలో!

కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే గాగుల్స్ ఎంచుకోవడమంతా దీని మీదే ఉంది. మన ముఖం చర్మం వేడి 34, 35 డిగ్రీలు ఉంటుంది. గాగుల్స్ లోపల చెమట ఆరి, ఆ కాస్త గాలీ తేమతో నిండిపోతుంది. ఆ తేమ తన కంటే చల్లగా ఉన్న అద్దాన్ని తాకితే సన్నటి నీటిబొట్లుగా మారుతుంది. లక్షల బొట్లు వెలుగుని తలో పక్కకి చెదరగొడతాయి కాబట్టి మనకి తెల్లటి మసక కనిపిస్తుంది. మే నెలలో విజయవాడలో బయట గాలే 42, 43 డిగ్రీలు ఉంటే అద్దం ముఖం కంటే వేడెక్కుతుంది. ఇక ఆవిరి ఎక్కడ పడుతుంది? చెమట కారుతుందంతే. అదే వానాకాలం 28 డిగ్రీలకి దిగి, గాలిలో తేమ పెరిగిందంటే అద్దం చల్లన, లోపల ఆవిరి. పుష్యమాసం పొద్దున్నయితే ఇంకా ఘోరం. మన ఊళ్లో ఎండలో పాసైన గాగుల్స్ వానలో ఫెయిలవుతాయి. ఇరవయ్యేళ్లుగా ఆటోనగర్‌లో కళ్లద్దాలు అమ్ముతున్న నాకు ఇది ముందే తెలిసి ఉండాల్సింది.

దెబ్బకి ఓర్చుకునే విషయంలో ఆ గాగుల్స్‌లో లోపం లేదు. అందుకే నాకు అనుమానం రాలేదు. 6 మిల్లీమీటర్ల బీబీ, 0.20 గ్రాముల బరువు, సెకనుకి 100 మీటర్ల వేగంతో వస్తే దాని శక్తి 1 జౌల్. యూరప్ ప్రమాణం ఈఎన్ 166లో ‘ఎఫ్’ అక్షరం ఉన్న అద్దాన్ని 0.86 గ్రాముల ఉక్కు గుండుతో సెకనుకి 45 మీటర్ల వేగంతో కొట్టి చూస్తారు. లెక్క కడితే 0.87 జౌల్, అంటే మీ బీబీ కంటే తక్కువే. ‘బి’ అక్షరానికి అదే గుండు 120 మీటర్ల వేగంతో, 6 జౌళ్లకి పైనే. అందుకని ఎయిర్‌సాఫ్ట్‌కి ఎప్పుడూ ‘బి’ ఉన్నవే చూడండి. అమెరికా సరుకైతే అక్కడి ప్రమాణం గుర్తు జెడ్87 పక్కన ప్లస్ గుర్తు ఉండాలి. ఉత్త జెడ్87 చాలదు. ఈ అక్షరాలు ఫ్రేము మీదా, అద్దం మీదా రెండుచోట్లా ఉండాలి. డబ్బా మీద రాత నమ్మకండి. ఒక ముఖ్యమైన మాట, వీటితో పెయింట్‌బాల్‌కి వెళ్లకండి. ఆ ఆటలో పేల్చే, రంగు నింపిన పెయింట్ గుండు 17 మిల్లీమీటర్లు, 3 గ్రాములు ఉంటుంది. దాని దెబ్బ 10 జౌళ్లు దాటుతుంది. దానికి ముఖమంతా కప్పే, పెయింట్‌బాల్ కోసమే చేసిన మాస్కు కావాలి.

ఆవిరికి కూడా ఈఎన్ 166లో ఒక అక్షరం ఉంది, ‘ఎన్’. నేను అమ్మిన వాటి మీద ‘ఎన్’ లేదు. స్టిక్కరు మాత్రమే ఉంది. ఆ తేడా నేను చూసి ఉండాలి. అయితే ‘ఎన్’ ఉంటే గంటసేపు నిశ్చింత అని కూడా అనుకోవద్దు. వేడినీటి ఆవిరి మీద అద్దం కనీసం 8 సెకన్లు మసకేయకుండా ఉంటే ఆ అక్షరం ఇస్తారు. మీ ఆట 8 సెకన్లు కాదు కదా. అది ప్రవేశపరీక్ష అనుకోండి.

ఇప్పుడు నేను తెప్పిస్తున్నది రెండు పొరల అద్దం ఉన్నవి. రెండు పొరల మధ్య గాలి నిలిచి ఉంటుంది కాబట్టి బయటి పొర చల్లబడినా లోపలి పొర ముఖం వేడికి దగ్గరగానే ఉంటుంది, ఆవిరి త్వరగా పట్టదు. మన తేమకి ఇంతకంటే నమ్మకమైనది నాకు కనపడలేదు. ఒకటే జాగ్రత్త, బకెట్లో ముంచి కడగకండి, కుళాయి కింద పెట్టకండి. పొరల మధ్యలోకి నీళ్లు పోతే ఇక తుడవడానికి దారి లేదు.

పైనా కిందా గాలి ఆడే కంతలు ఉండాలి, కానీ బీబీ గానీ, పగిలిన బీబీ ముక్క గానీ నేరుగా దూరలేని ఒంపు ఉండాలి. గుంటూరు మిర్చి గోడౌన్లకి మేం పంపేవి ఈ కంతలు బాగా తక్కువగా, మూసినట్టు ఉంటాయి. ఘాటు లోపలికి రాకూడదు, అక్కడ అదే ముఖ్యం. “గట్టిగా ఉన్నాయిగా, అవే ఇవ్వండి” అని ఒకరిద్దరు అడిగారు. పరిగెత్తే ఆటకి అవి పనికిరావు, ఐదు నిమిషాల్లో ఆవిరి పట్టి ఎదుట ఏమీ కనపడదు.

ఇనప జల్లెడ గాగుల్స్ సంగతి చాలామంది అడుగుతున్నారు. వాటికి అద్దమే లేదు కాబట్టి ఆవిరి సమస్యే రాదు, నిజమే. కానీ నాసిరకం బీబీ చెట్టుకో రాయికో తగిలి పగిలితే ఆ ముక్కలు జల్లెడ కంతల్లోంచి కంట్లోకి పోతాయి. నేను అమ్మను. జల్లెడని ముక్కు, నోరు కప్పే కింది భాగానికి వాడుకోండి, అక్కడ అది చాలా మంచిది. శ్వాస బయటికి పోతుంది. గుడ్డ మాస్కో, మూసేసిన ప్లాస్టిక్ మాస్కో కట్టుకుంటే మీ ఊపిరి ముక్కు పక్కలనుంచి నేరుగా అద్దం మీదికే వెళుతుంది. కరోనా రోజుల్లో కళ్లజోడు ఉన్నవాళ్లందరికీ ఇది అనుభవమే.

కళ్లజోడు పెట్టుకునే వాళ్లకి మాత్రం ఒక నిజం చెప్పాలి. గాగుల్స్ ఎంత మంచివైనా లోపల మీ కళ్లజోడుకి వేరే ఆవిరి పడుతుంది. లోతు ఎక్కువ ఉన్న ఫ్రేము, చిన్న ఫ్యాన్ ఉన్న రకం మీకు మేలు. ఫ్యాన్ ఉన్నవి 3,200 రూపాయలు. అడిగితేనే తెప్పిస్తాను, ఊరికే అంటగట్టను.

వాడకంలో రెండు తప్పులు మళ్లీ మళ్లీ చూస్తున్నాను. మొదటిది తడి అద్దాన్ని లోపలివైపు రుద్దడం. యాంటీ ఫాగ్ పూత నీటిని బొట్లు కట్టనివ్వకుండా పల్చటి పొరలా పరుస్తుంది. తడిగా ఉన్నప్పుడు ఆ పూత మెత్తగా ఉంటుంది, చొక్కాతో రుద్దితే లేచిపోతుంది. మెత్తటి పొడిగుడ్డతో అద్ది వదిలేయండి. పూత పోయిన అద్దానికి ఒక్క చుక్క పసిపిల్లల షాంపూ పల్చగా రాసి ఆరనివ్వచ్చు. ఒక ఆటకి పనిచేస్తుంది, కానీ చెమటతో కలిసి కంట్లోకి జారితే మండుతుంది. రెండోది మన ఆటోనగర్ అలవాటు, మరక కనపడితే థిన్నర్ గుడ్డ. గాగుల్స్ అద్దం పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. పాలీకార్బొనేట్‌కి థిన్నర్ తగిలితే సాలెగూడులా సన్నటి పగుళ్లు వస్తాయి. అలాంటి అద్దం పైకి బాగానే కనిపించినా దెబ్బ తగిలితే ఆగదు. అలా చేసి ఉంటే దాచకుండా చెప్పండి, అద్దం మార్చుకుందాం.

ఏసీ కారులో గాగుల్స్ డాష్‌బోర్డు మీద పెట్టుకుని వెళ్లి, దిగగానే పెట్టుకుంటే బయటివైపు మసకేస్తుంది. పూత లోపలే ఉంటుంది కాబట్టి ఏ గాగుల్సూ దానికి అతీతం కాదు. దిగాక ఓ పావుగంట గాలికి ఉంచండి.

ధర సంగతి. రెండు పొరలవి 1,850 రూపాయలు. పాతవి తెచ్చినవాళ్లు 650 తగ్గించుకుని 1,200 ఇస్తే చాలు. ఈ మార్పిడిలో నాకేమీ మిగలదు, మిగలాలని కూడా లేదు. కొత్తవి కొనకపోయినా మీ 650 మీకే. సరుకు ఇచ్చిన హోల్‌సేల్ ఆయన స్టిక్కరు తన పని కాదన్నాడు. ఆ గొడవ నాది, మీకు సంబంధం లేదు.

ఇకమీదట ఏ కొత్త రకమైనా వానాకాలంలో ఒకసారి, ధనుర్మాసం పొద్దున్న ఒకసారి పెట్టుకుని పరిగెత్తి చూశాకే బల్ల మీద పెడతాను. ఈలోపు మీ దగ్గరున్న గాగుల్స్ మసకేస్తే, చెయ్యి పైకెత్తి, అరిచి చెప్పి, ఆట హద్దు దాటాకే తీయండి.

మామూలుగా తొమ్మిదింటికి తీసే షట్టర్ ఈ నెలంతా ఆదివారాలు ఆరింటికే తీస్తాను. తోటకి వెళ్లే దారిలో ఆగండి. కొత్తవి అక్కడే పెట్టుకుని, ఎలాస్టిక్ సరిచేయించుకుని వెళ్లొచ్చు.