బాత్రూమ్ టైల్స్ పగలగొట్టే ముందు నీళ్లు కట్టి చూడండి

సంపాదకులకు,

వేసవి సెలవులొస్తే నగరంలో బాత్రూమ్‌ల రిపేర్లు జోరందుకుంటాయి. రెండు రోజుల్లో కొత్తది చేసి ఇస్తామని చెప్పేవాళ్లకు కొదవ లేదు. టైల్స్ పరచడానికి రెండు రోజులు చాలొచ్చు. కానీ నీళ్లు కట్టి చూడటానికే రెండు రోజులు పడుతుంది, అదెప్పుడు చేస్తారు?

కింది ఫ్లాటు సీలింగ్‌లో చెమ్మ కనబడగానే పై ఫ్లాటులో సుత్తి మోగుతుంది. ముందు నాలుగైదు రోజులు ఆ బాత్రూమ్ వాడకం ఆపండి. అయినా చెమ్మ తగ్గకపోతే గోడలోని నీళ్ల పైపును అనుమానించాలి. ఆరడం మొదలైతే తప్పు నేలలోనో, నేల మీది నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్‌లోనో ఉన్నట్టు. అప్పుడు ట్రాప్ మూతికి పాలిథిన్ చుట్టిన గుడ్డ గట్టిగా కుక్కి, నేల మీద అంగుళం నీళ్లు కట్టి, గోడ టైలు మీద పెన్సిల్‌తో గీత గీయండి. ఎంత ఆవిరైపోతుందో తెలియడానికి పక్కనే ఒక బకెట్‌లో నీళ్లు పెట్టి దాని మీదా గీత పెట్టండి. 24 గంటల తర్వాత నేల మీది నీళ్లు బకెట్ కంటే ఎక్కువ తగ్గితే జాయింట్లు, అంటే టైల్స్ మధ్య సందులు, తాగుతున్నాయని అర్థం. రెండూ ఒకేలా ఉండి, గుడ్డ తీశాక కింద కారితే ట్రాప్‌ను, దాని కింది పైపు అతుకును చూడాలి. దానికి నేలంతా తవ్వక్కర్లేదు.

కొత్త ఫ్లాటైతే సుత్తి కంటే ముందు బిల్డర్‌కు కాగితం పెట్టండి. స్వాధీనం చేసిన 5 ఏళ్లలోపు పనిలో లోపం చూపిస్తే, 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని బిల్డర్లను అదుపు చేసే 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్) చట్టం సెక్షన్ 14(3) చెబుతోంది. మీరే పగలగొట్టించుకుంటే ఆ లోపం చూపించడానికి ఏమీ మిగలదు.

జాయింట్లు పాడయ్యేది ఎక్కువగా యాసిడ్ వల్లే. బోరు నీళ్లు వాడే ఇళ్లలో టైల్స్ మీద తెల్లగా పేరుకునేది సున్నపు పొర. బాత్రూమ్ యాసిడ్ పోస్తే బుసబుసమని నురగ వస్తుంది, మురికి పోతోందని సంబరపడతాం. ఆ నురగలో జాయింట్‌లోని సిమెంటు కూడా కరిగిపోతుంది. నాలుగుసార్లు కడిగాక వైట్ సిమెంటు గుంటలు పడి, అక్కణ్నుంచే నీళ్లు దిగుతాయి. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు 50 గ్రాములు లీటరు గోరువెచ్చని నీళ్లలో కలిపితే చాలు. ముందు జాయింట్లను మామూలు నీళ్లతో తడపాలి, లేదంటే అవి ఈ ద్రావణాన్నీ పీలుస్తాయి. పది నిమిషాలుంచి నైలాన్ బ్రష్‌తో రుద్ది, బాగా కడిగేయాలి. మార్బుల్ మీద మాత్రం ఇదీ వద్దు. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిపి పోసేవాళ్లూ ఉన్నారు. అందులోంచి వచ్చేది క్లోరిన్, తలుపు మూసిన బాత్రూమ్‌లో ప్రాణాల మీదకొస్తుంది.

పాత జాయింట్ మీద వైట్ సిమెంటు పూస్తే నెలల్లోనే పెచ్చులూడుతుంది. కనీసం 3 మిల్లీమీటర్ల లోతు గీకి, దుమ్ము తీసి, రెండు రోజులు ఆరనిచ్చి ఎపాక్సీ గ్రౌట్ (సందుల్లో నింపే, కలిపి వాడే రెసిన్ ముద్ద) నింపాలి. ఎండాకాలంలో కలిపిన ఎపాక్సీ అరగంటకే గట్టిపడుతుంది. అందుకే కొంచెం కొంచెంగా కలుపుకుని, టైలు మీద అంటింది అప్పటికప్పుడు తడి స్పాంజితో తుడవాలి. నేల, గోడ కలిసే మూలలోనూ పైపుల చుట్టూ గ్రౌట్ పనికిరాదు. అక్కడ కదలిక ఉంటుంది కాబట్టి రబ్బరులా సాగే సిలికాన్ సీలెంట్ పెట్టాలి.

కొత్తగా వేయించేటప్పుడు అసలు గొడవ గోడ దగ్గర. విట్రిఫైడ్ టైల్ నీళ్లు పీల్చేది అర శాతం లోపే, అందుకే సిమెంటు పాలు దాన్ని పట్టుకోవు. పైగా టైలు వెనక తెల్లపొడి ఉంటుంది, తడిగుడ్డతో తుడవకపోతే అతికేది ఆ పొడికే. సంచి మీద ఐఎస్ 15477 (భారతీయ ప్రమాణం నంబరు) ఉన్న అడెసివ్, అంటే టైల్స్ అతికించే జిగురు పొడి, తీసుకోండి. 20 కిలోల సంచి 3 మిల్లీమీటర్ల మందాన 45 నుంచి 50 చదరపు అడుగులకు వస్తుంది. అడెసివ్‌ను టైలు వెనక ఐదు ముద్దలుగా పెట్టి అదిమేస్తే మూలలు డొల్లగా మిగిలి, టవల్ రాడ్‌కు డ్రిల్ పెట్టగానే పగులుతాయి. పళ్లున్న తాపీతో గోడంతా గీతలుగా పరవాలి. 20 నిమిషాల్లో దాని మీద పొర కడుతుంది. వేలితో తాకితే అంటుకోకపోతే గీకి పారేయాల్సిందే, నీళ్లు చల్లి మళ్లీ వాడకూడదు. మరునాడు రూపాయి బిళ్లతో కొట్టి చూస్తే డొల్ల ఎక్కడుందో చెవికే తెలుస్తుంది.

నేలకు వాటం 80 అంగుళాలకు అంగుళం చొప్పున ట్రాప్ వైపు ఉండాలి. వాటర్‌ప్రూఫింగ్ కోటు గోడ మీదికి అడుగు ఎత్తు, షవర్ దగ్గర ఆరడుగులు ఎక్కాలి. ఆ కోటు మీద 48 గంటలు నీళ్లు నిలిపి కింది ఫ్లాటు వాళ్లకు చూపించాకే టైల్స్ మొదలుపెట్టమని, అప్పుడే రెండో విడత డబ్బని, ముందే కాగితం మీద రాసుకోండి. పాత టైల్స్ మీదే కొత్తవి వేయిస్తే నేల అర అంగుళం పైగా లేస్తుంది, కాబట్టి తలుపు అడుగు, గడప ఎత్తు, ట్రాప్ జాలీ మూడూ కొలిచి చూసుకోవాలి.

మిగిలిన టైల్స్‌లో ఆరైనా అటక మీద దాచండి. డబ్బా మీది బ్యాచ్ నంబరు చించకండి, అదే డిజైన్ మళ్లీ దొరికినా బ్యాచ్ మారితే రంగు కలవదు.

ఇట్లు,
ఒక టైల్స్ మేస్త్రీ,
మలక్‌పేట, హైదరాబాద్